డీబీ తలుపు వెనక కాగితం

ఇబ్రహీంపట్నం పెద్దచెరువు గోల్కొండ సుల్తానుల కాలం నాటిది. ఊరి పేరులో ఉన్నది ఇబ్రహీం కులీ కుతుబ్‌షా పేరే. కట్ట మీద నిలబడితే నీళ్లు ఏ మట్టానికి ఉన్నాయో ఒక్క చూపులో తెలుస్తుంది. నెల కిందటి మట్టం గుర్తుంటే ఎంత దిగిందో కూడా చెప్పవచ్చు. దిగిన నీళ్లు ఎవరి మడిలోకి పోయాయో మాత్రం కట్ట మీంచి కనిపించదు. దానికి ఒక్కో తూము దగ్గరికీ నడిచి వెళ్లాలి. తెలంగాణ చెరువుల కింద ఆ పని నీరటిది. ఏ తూము ఎంత ఎత్తారు, ఆ కాలువ కింద ఎవరెవరి పొలాలున్నాయి అన్నదంతా అతని తలలో ఉండేది.

గోడ మీది కరెంటు మీటరు కట్ట మీది మట్టం గుర్తు లాంటిది. ఈ నెల ఇన్ని యూనిట్లు కాలాయని చెప్పి ఊరుకుంటుంది. గీజరు ఎంత తాగింది, బోరు మోటారు ఎంత తాగింది, రాత్రంతా నడిచిన ఫ్రిజ్ ఎంత తాగింది అని అడిగితే దాని దగ్గర జవాబు లేదు. ఈ జవాబు తెలియకపోవడం మన దగ్గర డబ్బుతో ముడిపడిన సంగతి. 2022-23 టారిఫ్ ప్రకారం గృహ వినియోగదారు నెలకు 200 యూనిట్లు వాడితే మొదటి వందకు రూ.3.40 చొప్పున, రెండో వందకు రూ.4.80 చొప్పున విద్యుత్ ఛార్జీ రూ.820 అవుతుంది. 201 యూనిట్లు వాడితే శ్లాబే మారిపోతుంది. మొదటి 200 యూనిట్లకూ రూ.5.10 చొప్పున పడి, పైన ఉన్న ఒక్క యూనిట్‌కు రూ.7.70 కలిసి, మొత్తం రూ.1,027.70. ఆ ఒక్క యూనిట్ ఖరీదు రెండు వందల ఏడు రూపాయల డెబ్బై పైసలు. 2024 మార్చి నుంచి గృహజ్యోతి పథకం కింద జీరో బిల్లు అందుకుంటున్న కుటుంబాలకైతే 200 దాటిన నెల బిల్లు మొత్తం చేతి నుంచే పడుతుంది. ఏ తూము కట్టేయాలో తెలియని ఇల్లు ఇరవయ్యో తేదీ తర్వాత ఫ్యాను ఆపి ఉక్కపోతలో కూర్చుంటుంది. ఆపాల్సింది ఫ్యాను కాకపోవచ్చు.

ఒక్కో తూము దగ్గరా ఒక నీరటిని నిలబెట్టే పరికరం ఉంది. ఇంట్లో పంపిణీ పెట్టె, అంటే మనం డీబీ అనే పెట్టెలోంచి బయలుదేరే ప్రతి తీగకూ ఒక చిన్న ఉంగరం తొడిగి, పది పన్నెండు సర్క్యూట్లను ఒకేసారి విడివిడిగా కొలిచే మీటరు అది. బిగించడం ఒక పూట పని. అది చెప్పే అంకెలు నిజమా కాదా అన్నది మాత్రం బిగించిన మనిషి ఏం రాసి పెట్టాడన్న దాని మీద ఆధారపడుతుంది. ఈ అధ్యాయం అంతా ఆ రాత గురించే.

సాగర్ రోడ్డు నుంచి కాస్త లోపలికి, కొత్త ప్లాట్ల మధ్య ఒక రెండంతస్తుల ఇంటిని ఊహించుకుందాం. రిటైరైన స్కూలు మాస్టారి ఇల్లు. ఆర్, వై, బీ అనే మూడు ఫేజుల సర్వీసు. కింద ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, గీజరు. పైన ఏసీ, ఇంకో గీజరు. పెరట్లో బోరు, దానికో మూడు ఫేజుల మోటారు. ఒక ఇన్వర్టరు. డీబీలో పన్నెండు ఎంసీబీలు, అంటే ఒక్కో సర్క్యూట్‌ను ఆపే స్విచ్‌లు, ఒక్కదాని మీద కూడా పేరు లేదు. ఎలక్ట్రీషియన్ వచ్చి పెట్టె తెరుస్తాడు.

"మోటారుది ఏది తమ్మీ?"

"నాకు ఎర్కలేదు సార్. పాత మేస్త్రి పెట్టిండు. ఒక్కొక్కటి బంద్ చేసుకుంట చూడాలె."

మన ఊళ్లలో నూటికి తొంభై ఇళ్ల వైరింగు ఇలా ఒక పాత మేస్త్రి జ్ఞాపకంలోనే ఉంటుందని నా నమ్మకం. ఆయన వేరే ఊరు వెళ్లిపోతే ఇంటి నక్షా ఆయనతోపాటే వెళ్లిపోతుంది.

ముందు ఆ ఉంగరం సంగతి. దాన్ని కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ అంటారు, పనివాళ్ల నోట సీటీ. తీగలో విద్యుత్తు పారితే చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతుంది. ఆ విద్యుత్తు సెకనుకు యాభై సార్లు ఊగుతుంది కాబట్టి క్షేత్రం కూడా ఊగుతుంది. ఊగే క్షేత్రం పక్కనున్న తీగచుట్టలో విద్యుత్తు పుట్టిస్తుందని ఫారడే 1831లో చూపించాడు. మన ఉంగరంలో ఉన్నది అదే చుట్ట. బాగా వాడుకలో ఉన్న ఒక రకంలో 2,000 చుట్లు ఉంటాయి. మధ్యలోంచి వెళ్లే తీగలో 100 ఆంపియర్లు పారితే చుట్టలో రెండు వేలో వంతు, అంటే 50 మిల్లీ ఆంపియర్లు పారుతుంది. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె 230 వోల్టుల దగ్గర తీసుకునే 4.35 ఆంపియర్లు ఇక్కడికి వచ్చేసరికి రెండు మిల్లీ ఆంపియర్ల పైచిలుకు. తీగను కోయకుండా, దాన్ని తాకకుండా కొలవడం దీని గొప్పతనం. ఎలక్ట్రీషియన్ చేతిలో ఉండే టాంగ్ టెస్టర్ కూడా ఇదే సూత్రం మీద నడుస్తుంది.

ఉంగరంలోంచి ఒక్క ఫేజు తీగే పోవాలి. ఫేజునూ న్యూట్రల్‌నూ కలిపి దూర్చితే వెళ్లే ప్రవాహం, తిరిగొచ్చే ప్రవాహం ఒకదాని క్షేత్రాన్ని మరొకటి చెరిపేస్తాయి. గీజరు మండుతున్నా మీటరు సున్నా చూపిస్తుంది. ఈ చెరిపేతే ఇంకోచోట మన ప్రాణం కాపాడుతోంది. డీబీలో ఉండే ఆర్‌సీసీబీ లోపల ఫేజు, న్యూట్రల్ రెండూ ఒకే ఉంగరంలోంచి వెళ్తాయి. వెళ్లింది వెళ్లినట్టు తిరిగి రాకుండా 30 మిల్లీ ఆంపియర్లు ఎవరి ఒంటిలోంచో భూమిలోకి జారితే అది టక్కున పడిపోతుంది.

ప్రవాహం ఒక్కటే తెలిస్తే యూనిట్లు రావు. ప్రతి క్షణం వోల్టేజినీ ప్రవాహాన్నీ గుణించి, ఆ లబ్ధాలకు సగటు తీయాలి. బుడాపెస్ట్‌లోని గాంజ్ కర్మాగారంలో ఒట్టో బ్లాతీ 1889లో చేసిన గిరక మీటరు ఈ గుణకారాన్ని తిరుగుడుతో చేసింది. మన పాత ఇళ్లలో ఎర్రగీత వేసుకుని తిరిగిన గిరక దాని సంతతే. ఇప్పటి మీటరు చిప్పు అదే పనిని అంకెలతో చేస్తుంది. గుణించడానికి సరైన జత కావాలి. ఆర్ ఫేజు మీద పారే ప్రవాహాన్ని ఆర్ ఫేజు వోల్టేజితోనే గుణించాలి. మల్టీ సర్క్యూట్ మీటర్ల కష్టాలన్నీ ఈ జత దగ్గరే పుడతాయి, కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుదాం.

మూడు ఫేజులూ ఒకే ఎత్తు అలలు, ఒకదాని వెనక ఒకటి మూడో వంతు ఆవర్తనం, అంటే 120 డిగ్రీల ఎడంతో వస్తాయి. ప్రతి ఫేజు మీదా వెయ్యి వాట్ల హీటరు ఉందనుకోండి. సరిగ్గా బిగిస్తే మొత్తం 3,000 వాట్లు. సీటీ మీద ఒక బాణం గుర్తు ఉంటుంది, అది లోడు వైపు చూడాలి. ఒక సీటీ తిరగబడితే ఆ ఫేజు మైనస్ వెయ్యి చూపిస్తుంది. మొత్తం 1,000. నిజంలో మూడో వంతు. ఇప్పుడు బాణాలన్నీ సరిగ్గా ఉండి, వై సీటీ బీ ఫేజు మీదికి, బీ సీటీ వై ఫేజు మీదికి మారిపోయాయనుకోండి. 120 డిగ్రీల తేడా ఉన్న రెండు అలలను గుణించి సగటు తీస్తే నిజంలో సగం, అదీ మైనస్‌లో వస్తుంది. అంటే ఆర్ మీద 1,000, మిగతా రెండింటి మీద మైనస్ 500, మైనస్ 500. మొత్తం ఎంత? సున్నా. మూడు హీటర్లు ఎర్రగా కాలుతుంటే, చెడిపోని మీటరు, చెడిపోని సీటీలు కలిసి, ఈ ఇంట్లో కరెంటే వాడటం లేదని చెబుతాయి. విద్యుత్ కొలతల్లో నాకు తెలిసిన అతి అందమైన తప్పు ఇది.

మైనస్ కనిపిస్తే మనిషి ఉలిక్కిపడి వెతుకుతాడు, కాబట్టి ఆ తప్పు మంచిదే. మాస్టారి పెరటి మోటారు దగ్గర జరిగే తప్పు అంత మంచిది కాదు. మోటారులో ప్రవాహం వోల్టేజి కంటే వెనకబడి వస్తుంది. దాన్ని చెప్పే అంకె పవర్ ఫ్యాక్టర్. అది 0.8 అయితే ఆ వెనకబాటు 37 డిగ్రీలు, రెండు మిల్లీసెకన్ల చిల్లర. అలాంటి మోటారు సీటీని తప్పు ఫేజు వోల్టేజితో జత కడితే, ఏ ఫేజుతో కట్టామన్నదాన్ని బట్టి తేడా 157 డిగ్రీలైనా అవుతుంది, 83 డిగ్రీలైనా అవుతుంది. మొదటిది పెద్ద మైనస్, పట్టుబడిపోతుంది. రెండోదైతే నిజంగా 500 వాట్లు లాగుతున్న ఫేజు దగ్గర మీటరు 75 అని చూపిస్తుంది. ప్లస్ 75. మోటారు వేస్తే పెరుగుతుంది, ఆపితే తగ్గుతుంది. చూసేవాడికి ఏ అనుమానమూ రాదు. ఆ అంకెను నమ్మి ఇంట్లో ఇంకెక్కడో దొంగ లోడు ఉందని నెలల తరబడి వెతికే అవకాశం ఉంది.

కొన్ని మీటర్లలో మైనస్ గుర్తు తీసేసే సెట్టింగు ఒకటి ఉంటుంది. తిరగబడ్డ సీటీకి అది తేలికైన మందులా కనిపిస్తుంది. దయచేసి వాడకండి. అది తిరగబడ్డ సీటీనీ, ఫేజు మారిన సీటీనీ ఒకే ముసుగు కింద దాచేస్తుంది. పైకప్పు మీద సోలారు పెట్టిన ఇంట్లో మైనస్ అంటే మనం గ్రిడ్‌కు పంపిన కరెంటు. గుర్తు చెరిపేస్తే ఇచ్చిందీ పుచ్చుకుందీ ఒకటైపోతాయి.

ఇక బిగింపు. డిస్కం, అంటే కరెంటు పంపిణీ సంస్థ పెట్టిన మీటరు, దాని సీలు జోలికి పోకూడదు. మన పనంతా దాని తర్వాత, ఇంటి మెయిన్ స్విచ్ దాటాకే. మెయిన్ ఆపినా దానికి పై నుంచి వచ్చే తీగల్లో కరెంటు ఉంటూనే ఉంటుందని మరిచిపోయి ప్రాణం మీదికి తెచ్చుకునే ప్రమాదం ఉంది, కాబట్టి పెట్టె లోపలి పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే. 5 ఆంపియర్ల రకం సీటీలను మీటరుకు కలపకుండా, కొసలు విడిగా వదిలి, మధ్యలో తీగలో కరెంటు పారనిస్తే ఆ కొసల మధ్య ప్రమాదకరమైన వోల్టేజి లేస్తుంది. ముందు మీటరుకు కలిపి, తర్వాతే తీగకు తొడగాలి. నోరు తెరిచి మూసే రకం సీటీల్లో దవడల మధ్య ఇసుక రేణువంత దుమ్ము చేరినా కొలత పక్కకు పోతుంది. తుడిచి, టక్కుమనేదాకా మూయాలి.

సీటీ సైజు లోడుకు తగ్గట్టు ఉండాలి. 100 ఆంపియర్ల సీటీకి రెండు ఎల్‌ఈడీ బల్బుల తీగ ఇస్తే, బస్తాలు తూచే కాటా మీద జీలకర్ర పెట్టినట్టే. దానికో పాత కిటుకు ఉంది. తీగను సీటీలోంచి ఒకసారి కాక రెండు మూడు చుట్లు తిప్పితే అంకె అన్ని రెట్లు పెరుగుతుంది, చిన్న లోడు కూడా తేటగా కనబడుతుంది. తర్వాత లెక్కలో ఆ రెట్లతో భాగించాలి. ఈ కిటుకు వాడి రాసిపెట్టకపోతే ఏం జరుగుతుందో చూడండి. రెండేళ్ల తర్వాత మీటరు మార్చిన వేరే మనిషికి ఆ చుట్టు కనిపించదు, భాగహారం జరగదు, ఫ్రిజ్ మూడింతలు తాగుతున్నట్టు తేలుతుంది. మంచి ఫ్రిజ్‌ను అమ్మేస్తారు.

మన దగ్గర ఎదురయ్యే ఇంకో చిక్కు ఉంది. వేసవిలో ఒక ఫేజులో వోల్టేజి పడిపోతే చాలా ఇళ్లలో ఫేజు మార్చే స్విచ్ తిప్పి, ఇంటి లోడును ఇంకో ఫేజు మీదికి జరుపుతారు. జనం కష్టంలోంచి పుట్టిన ఉపాయం అది. అయితే మీటరు వోల్టేజి తీగ ఆ స్విచ్‌కు ముందు కట్టి ఉంటే, స్విచ్ తిప్పిన నిమిషం నుంచి అన్ని జతలూ తప్పిపోతాయి. హీటరు మైనస్‌లోకి పోతుంది, మోటారు 75 చూపిస్తుంది, తెల్లారి స్విచ్ వెనక్కి తిప్పగానే అంతా సర్దుకుంటుంది. రాత్రిపూట మాత్రమే పిచ్చిగా ప్రవర్తించే మీటరు కంపెనీకి తిరిగి వెళ్తుంది, అక్కడ పరీక్షలో బాగుందని తేలుతుంది. వోల్టేజి తీగను స్విచ్ తర్వాత, ఆ సర్క్యూట్లు ఎక్కడి నుంచి తాగుతున్నాయో అక్కడే కట్టాలి. విదేశీ మీటర్లతో వచ్చే పుస్తకాల్లో ఈ మాట నాకెక్కడా కనిపించలేదు.

బిగించాక పరీక్ష. డిస్కం మీటరు మీద ఎర్రగా మెరిసే చిన్న దీపాన్ని చూశారు కదా. చాలా మీటర్ల మీద కిలోవాట్ అవర్‌కు 3,200 ఇంపల్స్‌లు అని రాసి ఉంటుంది. అంటే ఒక్కో మెరుపుకు 1,125 జౌళ్లు. 1,125ని రెండు మెరుపుల మధ్య సెకన్లతో భాగిస్తే ఆ క్షణాన ఇల్లు లాగుతున్న వాట్లు వస్తాయి. పరీక్షించే సర్క్యూట్‌ది తప్ప మిగతా ఎంసీబీలన్నీ ఆపి, దాని మీద ఇస్త్రీపెట్టె ఒక్కటే ఆన్ చేసి పది మెరుపుల కాలం తీయండి. మొదటి మెరుపును సున్నా అని లెక్కపెట్టాలి, ఒకటి అనకూడదు. 11.25 సెకన్లు పడితే సరిగ్గా వెయ్యి వాట్లు. పదమూడున్నర పడితే కంగారు వద్దు. పెట్టె మీద రాసిన వెయ్యి 230 వోల్టులకు రాసింది. మీ ఇంటికి 210 వోల్టులే వస్తుంటే అదే పెట్టె 834 వాట్లే లాగుతుంది, ఎందుకంటే వాట్లు వోల్టేజి వర్గాన్ని అనుసరిస్తాయి. కొత్త మీటరు కూడా దాదాపు అంతే చూపిస్తే ఆ సీటీ, ఆ జత సరైనవే. ఇలా ఒక్కో సర్క్యూట్ మీదా చేయాలి. చివర అన్నీ వేసి, శాఖల మొత్తం మెయిన్‌తో సరిపోతుందో లేదో చూడాలి. ఒక కూడలిలోకి వచ్చిన ప్రవాహం, పోయిన ప్రవాహం సమానమని కిర్చాఫ్ 1845లో చెప్పిన మాట మాస్టారి డీబీలోనూ నిజం కావాలి.

ఇక కాగితం. దాని మీద ఒక వరుస ఇలా ఉంటుంది. ఏడో ఛానెల్, పైఅంతస్తు గీజరు, వై ఫేజు, 50 ఆంపియర్ల సీటీ, ఒక చుట్టు, బాణం గీజరు వైపు, ఇస్త్రీపెట్టె పరీక్షలో డిస్కం మీటరు 910, మన మీటరు 904, తేదీ, చేసినవారి సంతకం. ఇలాంటి పన్నెండు వరుసలు. ఏది దేని కింద ఉందో కూడా రాయాలి. మాస్టారి ఇంట్లో ఇన్వర్టరుకు వెళ్లే తీగకు ఒక సీటీ ఉంది, ఇన్వర్టరు నుంచి బయలుదేరే లైట్లు, ఫ్యాన్ల తీగలకు వేరే సీటీలు ఉన్నాయి. మూడింటినీ కూడితే ఒకే కరెంటును రెండుసార్లు లెక్కేసినట్టు. "ఎనిమిది, తొమ్మిది నాలుగో దాని కింద" అన్న ఒక్క వాక్యం చాలు. కరెంటు పోయిన గంటలను ఖాళీగా వదలాలి, సున్నా వేయకూడదు. సున్నా అంటే వాడలేదని, ఖాళీ అంటే తెలియదని. ఆ రెండింటినీ కలిపితే నెలసరి సగటు అబద్ధమవుతుంది.

మూత పెట్టకముందే ఫోనుతో ఫొటోలు తీయండి. బాణాలు, తీగల రంగులు కనిపించేంత దగ్గరగా తీయండి. కానీ ఫొటో ఫోనుతోపాటు పోతుంది. కాగితం డీబీ తలుపు లోపలి వైపు అంటుకుని ఉంటే పెట్టె తెరిచిన ప్రతివాడి కళ్లబడుతుంది. అందుకే నా ఓటు కాగితానికే.

అసలు ఇన్ని ఉంగరాలెందుకు, ఒక్క మీటరు అంకెల ఎగుడుదిగుళ్ల నుంచే ఏ యంత్రం ఎప్పుడు నడిచిందో పసిగట్టవచ్చు కదా అని అడగవచ్చు. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో జార్జ్ హార్ట్ 1980లలో మొదలుపెట్టిన దారి అది. 1992లో ఆయన ప్రచురించిన వ్యాసం నుంచి ఒక పరిశోధనా శాఖే పెరిగింది. ఆ లెక్కలు సరైనవో కావో తేల్చాలంటే మాత్రం ఎవరో ఒకరు, ఏదో ఒక ఇంట్లో, ఫ్రిజ్ తీగకు విడిగా సీటీ తొడిగి, ఇది ఫ్రిజ్ అని రాసిపెట్టి ఉండాలి.

ఊరి స్థాయిలో కూడా ఇదే కథ. తెలంగాణలో వ్యవసాయ బోర్లకు 2004 నుంచి ఉచిత కరెంటు ఉంది, 2018 జనవరి 1న 24 గంటలూ ఇవ్వడం మొదలుపెట్టారు. బోరు బోరుకూ మీటరు లేదు. కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లను నమూనాగా ఎంచి, వాటి దగ్గర మీటర్లు పెట్టి, మొత్తాన్ని అంచనా కడతారు. దీనికి వాడే లెక్క పద్ధతి భారత గణాంక సంస్థ రూపొందించింది. ఆ అంచనా ఎంత గట్టిదన్నది మీటరు నాణ్యత కంటే ఒక రిజిస్టరు మీద ఎక్కువ ఆధారపడుతుంది. ఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఏ ఏ సర్వీసులు ఉన్నాయన్న రిజిస్టరు అది. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయినప్పుడు నాలుగు బోర్లను పక్క ట్రాన్స్‌ఫార్మర్‌కు కలిపి, పుస్తకంలో మార్చకపోతే, ఒక చోట నీళ్లు లేకుండానే పంట పండినట్టు, ఇంకో చోట కరెంటు చౌర్యం జరిగినట్టు లెక్క తేలుతుంది. రైతు మీద నింద పడుతుంది. మాస్టారి ఇంట్లో తారుమారైన వై, బీ సీటీలకూ దీనికీ తేడా పరిమాణంలోనే.

మీ ఇంట్లో ఈ మీటరు లేకపోవచ్చు, ఎప్పటికీ కొనకపోవచ్చు కూడా. కాగితం మాత్రం ఈ ఆదివారమే రాయవచ్చు. డీబీ మూత విప్పనక్కర్లేదు. ఒకరు పెట్టె దగ్గర నిలబడి ఒక్కో ఎంసీబీ కిందికి దించండి, ఇంకొకరు ఇల్లంతా తిరిగి ఏది ఆగిందో కేకేసి చెప్పండి. వినబడింది వినబడినట్టు పెన్సిలుతో రాసి, కింద తేదీ వేసి, తలుపు లోపలి వైపు అంటించండి.